లాంగే కొండల్లో సైకిలు: రద్దీ లేని దారులను ఎలా ఎంచుకోవాలి

నమస్కారం. మీరిద్దరూ హైదరాబాదు నుంచి వికారాబాదు అనంతగిరి దాకా వారాంతాల్లో సైకిలు తొక్కే అలవాటున్నవారనీ, సెప్టెంబరు రెండో సగంలో ఐదు రోజులు ఇటలీ ద్రాక్షతోటల కొండల్లో అద్దె రోడ్డు సైకిళ్ళ మీద తిరగాలనుకుంటున్నారనీ, కార్ల రద్దీ లేని దారులు కావాలనీ, ద్రాక్షమద్యానికి పేరున్న కియాంతీకి వెళ్ళాలా మరెక్కడికైనా వెళ్ళాలా అన్నది తేలడం లేదనీ రాశారు. కొన్నేళ్ళుగా ఉత్తర ఇటలీలోని తోరినో (టురిన్) నగరంలో ఉంటూ ఆ దక్షిణపు కొండల్లోనే ఎక్కువగా సైకిలు తొక్కుతున్న మనిషిగా నా సమాధానం సూటిగా చెబుతాను: కియాంతీని ఈసారికి పక్కన పెట్టి, పీడ్‌మాంట్ ప్రాంతంలోని లాంగే కొండలకు రండి. అక్కడికి వచ్చాక కూడా మద్యానికి పేరున్న బరోలో ఊరి చుట్టూనే ఐదు రోజులూ గడపకుండా, సగం రోజులైనా దక్షిణాన ఉన్న ఎత్తైన లాంగేకు వెళ్ళండి.

కియాంతీ అందమైనది కాదని నేను అనడం లేదు. ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ మధ్య కొండల మీదుగా సాగే 222వ నంబరు రోడ్డు ఎంత పేరున్నదో అంత రద్దీగానూ ఉంటుంది. పర్యాటకుల కార్లు, వాటితో పాటు మోటారుసైకిళ్ళు, సెప్టెంబరులో కూడా తగ్గవు. అక్కడ నిజమైన ప్రశాంతత కావాలంటే చాలావరకు తెల్లని కంకర రోడ్లు ఎక్కవలసిందే. గయోలే పట్టణంలో 1997లో మొదలైన పాతకాలపు సైకిళ్ళ యాత్ర ఎరోయికా కూడా ఆ కంకర రోడ్లను కాపాడుకోవాలన్న ఉద్దేశంతో పుట్టినదే. సన్నని టైర్ల రోడ్డు సైకిలు మీద, లగేజీ వేసుకుని, మొదటిసారి వచ్చినవారికి ఆ దారులు ఆనందం కంటే శ్రమనే ఎక్కువ మిగులుస్తాయి. లాంగేలో అలా కాదు. ఊరినీ ఊరినీ, తోటనూ తోటనూ కలిపే చిన్న చిన్న తారు రోడ్లు ఇక్కడ వలలా అల్లుకుని ఉన్నాయి కాబట్టి, పెద్ద రోడ్డును వదిలేసినా మీరు తారు మీదనే ఉండగలరు.

దారులు ఎంచుకునే ముందు ఈ నేల అమరిక తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే రద్దీ ఎక్కడ ఉంటుందో దాన్ని బట్టే తెలుస్తుంది. లాంగే కొండలు తానరో నదికి దక్షిణంగా, నైరుతి నుంచి ఈశాన్యానికి, చేతివేళ్ళు చాచి పెట్టినట్లు ఇంచుమించు సమాంతరంగా సాగే పొడవాటి వరుసలు. ఊళ్ళు, కోటలు, చర్చిలు ఆ వరుసల నెత్తిన ఉంటాయి. ఫ్యాక్టరీలు, గోదాములు, లారీలు లోయల్లో ఉంటాయి. అల్బా పట్టణం నుంచి గాల్లో మీదుగా బరోలో వైపు పోయే లోయ రోడ్డు, అల్బా నుంచి రిక్కా మీదుగా కోర్తెమీలియా వైపు పోయే రోడ్డు, నది వెంట బ్రా వైపు పోయే రోడ్డు, ఈ మూడూ పని మీద పోయేవారి రోడ్లు. వీటిని అడ్డంగా దాటండి. వీటి వెంట మాత్రం కిలోమీటరు రెండు కిలోమీటర్లకు మించి తొక్కకండి. కొండ నెత్తి మీది రోడ్డు పట్టుకుంటే చుట్టూ చూపు ఆనుతుంది, గాలి ఉంటుంది, కార్లు తక్కువ. పైగా ఒకసారి పైకి చేరాక ఎక్కుడు దిగుడులు చిన్నవిగా ఉంటాయి. ఒక వరుస నుంచి మరో వరుసకు మారవలసి వచ్చినప్పుడే తల ప్రాణం తోకకు వస్తుంది.

ఆ మారే చోట్ల ఎక్కుళ్ళ గురించి కూడా చెప్పాలి. అనంతగిరి ఎక్కినవారు, అరకు ఘాట్ ఎక్కినవారు ఒకే పట్టులో, ఒకే లయలో తొక్కడానికి అలవాటు పడి ఉంటారు. లాంగేలో పొడవైన ఘాట్లు లేవు. రెండు మూడు కిలోమీటర్ల ఎక్కుడు, మధ్యలో హఠాత్తుగా పది పన్నెండు శాతం వాలుకు లేచే మలుపు, పైన ఊరు, వెంటనే దిగుడు, మళ్ళీ ఎక్కుడు. అల్బా సముద్రమట్టానికి సుమారు 172 మీటర్ల ఎత్తులో ఉంటే లా మొర్రా 513 మీటర్ల ఎత్తులో ఉంది. ఈ తేడా చూసి ఇంతేనా అనిపించవచ్చు గానీ, రోజుకు అలాంటివి నాలుగు ఎక్కితే మొత్తం ఎత్తు వెయ్యి మీటర్లు దాటిపోతుంది. అందుకని దూరాన్ని కాక ఎత్తును లెక్కలోకి తీసుకుని రోజును ప్రణాళిక వేసుకోండి. హైదరాబాదులో మీరు ఉదయపు పూట వంద కిలోమీటర్లు తొక్కేవారైనా ఇక్కడ అరవై చాలు. సైకిలు అద్దెకు తీసుకునేటప్పుడు ముందు చిన్న చక్రానికి 34 పళ్ళు, వెనుక పెద్ద చక్రానికి కనీసం 32, వీలైతే 34 పళ్ళు ఉండేలా అడగండి. టైర్లు 28 మిల్లీమీటర్లకు తగ్గకుండా, 32 దొరికితే ఇంకా మేలు. మీ ఇద్దరిలో ఒకరి కాళ్ళు బలహీనమనుకుంటే ఒక్కరికి బ్యాటరీ సైకిలు తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. ఈ కొండల్లో ఒకరు ముందుపోయి ప్రతి ఊరి దగ్గర రెండోవారి కోసం కాచుకోవడం కంటే అది మర్యాదైన ఏర్పాటు.

మొదటి రోజు బరోలో వలయం తొక్కండి, అది చూడకుండా వెనుదిరగడం న్యాయం కాదు. బరోలో అనే పేరు పెట్టుకోగలిగే మద్యం 11 గ్రామాల పరిధిలో, నెబ్బియోలో అనే ఒకే ద్రాక్ష రకం నుంచి మాత్రమే వస్తుంది. కనీసం 38 నెలలు నిల్వ చేస్తే గాని అమ్మకానికి రాదు. ఈ తోటల ప్రాంతం, పక్కనున్న రొయేరో, మోన్‌ఫెర్రాతోలతో కలిపి, 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ గుర్తింపు తర్వాత సందర్శకులు పెరిగారు, కాబట్టి ఈ వలయాన్ని సోమవారం నుంచి గురువారం లోపు ఏదో ఒక రోజున, ఉదయం ఎనిమిదికల్లా మొదలుపెట్టి తొక్కడం మంచిది. అల్బా నుంచి రొద్ది, అక్కడి నుంచి వెర్దూనో, ఆ పైన కొండ నెత్తి మీదుగా లా మొర్రా చేరండి. లా మొర్రా చౌకు దగ్గర కొండ అంచున నిలబడితే కింద బరోలో తోటలన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. వాతావరణం తేటగా ఉంటే పడమటి దిక్కున 3,841 మీటర్ల మోన్‌వీజో శిఖరం కూడా కనిపిస్తుంది. అక్కడి నుంచి వెర్ణే మీదుగా బరోలోకు దిగవచ్చు. లేదా బ్రునాతే తోటల్లోని చిన్న ప్రార్థనామందిరం వైపు దిగవచ్చు. ఆ మందిరంలో ఏనాడూ పూజ జరగలేదు. తోటపనివారు వానకు తలదాచుకోవడానికి కట్టిన ఆ కట్టడానికి 1999లో సోల్ లెవిట్, డేవిడ్ ట్రెమ్‌లెట్ అనే కళాకారులు రంగులు వేశారు, ఇప్పుడు అందరూ ఫొటోలకు ఆగేది అక్కడే. ఆ దిగుడు ఇరుకైనది, నిటారైనది. ఎదురుగా కారు వస్తే మీరే ఆగి పక్కకు తప్పుకోవడం మంచిది.

బరోలో ఊళ్ళో ఎక్కువ సేపు కూర్చోకండి. పదకొండు దాటితే అక్కడికి బస్సులు రావడం మొదలవుతుంది. అక్కడి నుంచి మోన్‌ఫోర్తేకు పెద్ద రోడ్డులో కాక, బుస్సియా తోటల మధ్యగా ఎక్కే దారిలో వెళ్ళండి. మొత్తం వలయంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఈ భాగమే. తర్వాత కాస్తిల్యోనే ఫల్లెత్తో, సెర్రాలుంగా. ఈ రెండో ఊరి కోట పద్నాలుగో శతాబ్దం నాటిది, అంత సన్నగా, అంత ఎత్తుగా నిలిచిన కోట ఈ కొండల్లో మరొకటి లేదు. సెర్రాలుంగా నుంచి గ్రింజానే కవూర్ వైపు దిగాక, చాలామంది అలసిపోయి లోయ రోడ్డులో నేరుగా అల్బాకు పోతారు. మీరు ఓపిక చేసుకుని దియానో మీదుగా మరొక్క కొండ ఎక్కి అటు నుంచి అల్బాలోకి జారండి. మొత్తం 55 నుంచి 60 కిలోమీటర్లు అవుతుంది.

బర్బరెస్కో వైపు సగం రోజు సరిపోతుంది. అల్బా నుంచి బర్బరెస్కో, నేయివే, త్రేయిజో, తిరిగి అల్బా. బర్బరెస్కోలో నది మీదికి వంగి చూస్తున్న పాత గోపురం, త్రేయిజో దగ్గర నేల కోసుకుపోయి ఏర్పడిన లోతైన గండి చూడదగినవి. ఇటలీ దేశమంతా తిరిగే సైకిలు పందెం జీరో దితాలియాలో, 2014లో, బర్బరెస్కో నుంచి బరోలో దాకా ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే 41.9 కిలోమీటర్ల పరుగు నిర్వహించినప్పుడు కొలంబియాకు చెందిన రిగొబెర్తో ఉరాన్ అందులో గెలిచి, మొత్తం పందెంలో ముందున్నవారికిచ్చే గులాబీ జెర్సీ వేసుకున్నాడు. ఆ దారిని అలాగే తొక్కాలని కొందరు సరదా పడతారు. ఆ రోజు రోడ్లన్నీ మూసి ఉంచారన్న సంగతి మరచిపోకండి. మామూలు రోజున అల్బా ఊరి నడుమ నుంచి ఆ దారిలో వెళ్ళడంలో సుఖం లేదు.

ఇక అసలు విషయం. ద్రాక్షతోటలు తగ్గి హేజెల్‌నట్ తోటలు, ఆ పైన అడవి మొదలయ్యే ఎత్తుకు చేరారంటే కార్ల రద్దీ వెనుక ఉండిపోయిందని అర్థం. దీనికి కారణం సులభమైనదే. నెబ్బియోలో ద్రాక్ష బాగా పండేది సుమారు 450 మీటర్ల లోపు, దక్షిణపు ఎండ తగిలే వాలుల మీద. పేరున్న సీసాలు, విందు భోజనశాలలు, హోటళ్ళు అన్నీ ఆ ఎత్తుకే ఆగిపోయాయి. ఆ పైన ఆల్తా లాంగా, అంటే ఎత్తైన లాంగే. అల్బాలో 1946లో పుట్టిన ఫెర్రేరో కంపెనీ చాక్లెట్ల పుణ్యమా అని ఈ హేజెల్‌నట్‌కు ప్రపంచమంతా పేరు వచ్చింది గానీ, ఆ చెట్లను చూడటానికి మాత్రం ఎవరూ బస్సులు కట్టించుకుని రారు. సైకిలు తొక్కేవారికి ఇంతకంటే కావలసింది ఏముంది?

బసను అల్బా నుంచి మోన్‌ఫోర్తే వైపుకు మార్చే రోజునే ఈ దారి పెట్టుకోండి. అల్బా నుంచి దియానో, మోంతెలూపో, అల్బరెత్తో దెల్లా తోర్రే, చెర్రెత్తో, సెర్రవాల్లే మీదుగా బొస్సోలాస్కో. దాదాపు దారంతా కొండ నెత్తి మీదనే. బొస్సోలాస్కో 757 మీటర్ల ఎత్తున ఉంది, వీధి వెంట ఇళ్ళ గోడలకు గులాబీ తీగలు పాకించి ఉంటాయి. అక్కడి నుంచి మురత్సానో, గొర్రెపాల జున్నుకు పేరుపడ్డ ఊరు. ఆపైన బెల్వెదేరే మీదుగా దొల్యానీకి పొడవైన దిగుడు. 1948 నుంచి 1955 దాకా ఇటలీ అధ్యక్షుడిగా ఉన్న లుయీజీ ఈనౌదీ తల్లి కుటుంబం ఆ ఊరిదే, ఆయన తోటలు అక్కడే ఉండేవి. దొల్యానీ నుంచి మోన్‌ఫోర్తేకు ఒక్క ఎక్కుడు. సుమారు 60 కిలోమీటర్లే అయినా రోజంతా పడుతుంది. ఒకటే హెచ్చరిక: బొస్సోలాస్కో, మురత్సానోల మధ్య రోడ్డు వంపులు తిరిగే విశాలమైన రోడ్డు, ఎండకాచిన ఆదివారాల్లో సముద్రం వైపు పోయే మోటారుసైకిళ్ళ వాళ్ళకు అది చాలా ఇష్టం. ఆదివారం తప్ప మిగతా ఏ రోజైనా బాధ లేదు.

మరో రోజు చేతిలో ఉంటే బెల్బో నది పుట్టే వైపు వెళ్ళండి. సాన్ బెనెదెత్తో బెల్బో, మోంబర్కారో, నియెల్లా బెల్బో, ఫెయిజోల్యో. మోంబర్కారో 896 మీటర్లతో లాంగే ఊళ్ళన్నిటిలోకీ ఎత్తైనది. ఆకాశం తేటగా ఉన్న రోజు అక్కడి నుంచి లిగూరియా సముద్రం కనిపిస్తుందని ఊరివారు గర్వంగా చెబుతారు. మోంబర్కారో నుంచి ఫెయిజోల్యో దాకా బెల్బో, బోర్మిదా లోయల నడిమి గట్టు మీద సాగే రోడ్డులో వారం మధ్యలో గంటకు నాలుగైదు కార్లు తగిలితే ఎక్కువ. ద్రాక్ష ఇక్కడ దాదాపు కనిపించదు. ద్రాక్ష కోసమే వచ్చాం కదా అని మీకు అనిపించవచ్చు. ప్రశాంతత కోసమని మీరే రాశారు, అందుకే చెబుతున్నాను.

తానరోకు ఉత్తరాన ఉన్న రొయేరో గురించి రెండు ముక్కలు. అక్కడి నేల ఇసుక నేల, గండ్లు పడి కోసుకుపోయిన కొండలు, మంచి తెల్ల ద్రాక్ష. కంకర దారులకు పనికొచ్చే వెడల్పు టైర్ల సైకిలు ఉన్నవారికి అది స్వర్గం, రోడ్డు సైకిలు వారికి మాత్రం కనాలే మీదుగా పోయే రద్దీ రోడ్డు తరచూ అడ్డం వస్తుంది. ఐదు రోజులకు అది వద్దు.

సెప్టెంబరు రెండో సగం అన్నారు, బాగుంది, కానీ కోతల కాలం అని గుర్తుంచుకోండి. ద్రాక్ష రకాల్లో దోల్చెత్తో ముందు, బర్బేరా తర్వాత, నెబ్బియోలో అన్నిటికంటే ఆఖరున, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా కోస్తారు. ఆ రోజుల్లో ట్రాక్టర్లు, పండ్ల పెట్టెల బళ్ళు చిన్న రోడ్ల మీదికి వస్తాయి. వారు నెమ్మదిగానే పోతారు, చూసి దారి ఇస్తారు, వారి వల్ల భయం లేదు. భయమంతా వారి చక్రాలు వదిలిపోయే బురదతోనే. ఈ కొండలు సున్నపు పాలున్న బంకమట్టితో ఏర్పడినవి, నాలుగు చినుకులు పడ్డాక ఆ మట్టి తారు మీద పేరుకుంటే మలుపులో బ్రేకు వేసిన సైకిలు నిలవదు. వాన వెలిసిన రోజున దిగుళ్ళలో మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు ముట్టకుండా పోవాలి. ఇదే మట్టి కొండచరియలు విరగడానికీ కారణం. రోడ్డు మొదట్లో ‘ఫ్రానా’ అనో, ‘స్ట్రాదా కియూజా’ అనో బోర్డు కనిపిస్తే చరియ పడిందనీ, రోడ్డు మూసేశారనీ అర్థం. సైకిలు పట్టకపోతుందా అని కిందికి దిగకండి, దిగినంతా ఎక్కి రావాలి. అక్టోబరులోకి జరిగితే తానరో లోయలో ఉదయం పొగమంచు, అల్బాలో తెల్ల ట్రఫుల్ (నేలలో పెరిగే ఖరీదైన పుట్టగొడుగు) సంత వల్ల శని ఆదివారాల్లో విపరీతమైన కార్లు ఉంటాయి. కాబట్టి తేదీలు మార్చుకునే వీలుంటే అక్టోబరు వైపు కాక, సెప్టెంబరులోనే ఇంకా ముందు తేదీలకు జరపండి.

ఇంకో సంగతి, పర్యాటకుల పుస్తకాల్లో సాధారణంగా ఉండదు. ఇటలీలో సెప్టెంబరు మూడో ఆదివారం నుంచి వేట కాలం మొదలవుతుంది. మంగళ, శుక్రవారాల్లో దేశమంతటా వేట నిషేధం. ఎత్తైన లాంగేలోని అడవి దారులకు ఆ రెండు రోజుల్లో ఒకటి కేటాయిస్తే తుపాకుల చప్పుడు కూడా ఉండదు. తారు రోడ్డు మీద ఉన్నంతవరకు ప్రమాదమేమీ లేదు గానీ, అలవాటు లేనివారు ఉలిక్కిపడతారు.

దారిని ఫోనులో గీసుకునేటప్పుడు యాప్ చూపిన దారిని యథాతథంగా నమ్మకండి. దగ్గరి దారి పేరుతో అది మిమ్మల్ని తోట మధ్యలోని ట్రాక్టరు బాటలోకి పంపుతుంది. స్థానిక సైకిలిస్టులు ఏ రోడ్ల మీద ఎక్కువగా తిరుగుతున్నారో చూపే స్ట్రావా పటం పక్కన పెట్టుకుని, అనుమానం ఉన్న రోడ్డును వీధి ఫొటోల్లో ఒకసారి చూడండి. నడిమధ్య తెల్ల గీత లేని తారు రోడ్డు కనిపించిందంటే అది మీ రోడ్డే: రెండు కార్లు తప్పుకోలేనంత ఇరుకు కాబట్టి తొందరపడేవారు ఆ దారిన రారు.

చట్టం సంగతులు కొన్ని. 2024 డిసెంబరు నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, రోడ్డు వీలిచ్చిన చోట కారు సైకిలును దాటేటప్పుడు కనీసం మీటరున్నర ఎడం వదలాలి. ఊరి బయట మీరు ఒకరి వెనుక ఒకరు పోవాలి. పొద్దుపోయాక ఊరి బయటా, సొరంగాల్లో ఎప్పుడైనా వెలుగుకు మెరిసే చొక్కా తప్పనిసరి. మద్యం పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు, అది సైకిలు తొక్కేవారికీ వర్తిస్తుంది. తోటల్లో రుచి చూసే కార్యక్రమాలను సాయంత్రం సైకిలు గదిలో పెట్టాక, నడిచి వెళ్ళేంత దూరంలో పెట్టుకోండి.

తిండి విషయంలో, మీలో ఒకరు శాకాహారి అన్నారు. ఇక్కడి పేరున్న వంటకాలు చాలావరకు మాంసం, చేప, గుడ్డు పచ్చసొనలతోనే ఉంటాయి. కూరగాయలతో తినే బాన్యా కౌదా అనే వేడి ముంచుడు పదార్థంలో కూడా చిన్న చేపలు ఉంటాయి కాబట్టి అడిగి తినండి. జున్ను పెట్టిన రొట్టె, ఫొకాచ్చా అనే నూనె రొట్టె, హేజెల్‌నట్ కేకు మాత్రం ప్రతి ఊళ్ళో దొరుకుతాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా చిన్న ఊళ్ళలో దుకాణాలు మూసి ఉంటాయి, ఎత్తైన లాంగేలో వారంలో ఒక రోజు పూర్తిగా మూస్తారు. పన్నెండు లోపే కొని వెనుక జేబులో పెట్టుకోవడం ఇక్కడి సైకిలిస్టుల అలవాటు. నీళ్ళకు ఊరి కూడలిలోని కుళాయి చూడండి. అది కనిపించకపోతే ఊరి శ్మశానం గేటు దగ్గర తప్పకుండా ఒక కుళాయి ఉంటుంది. పువ్వులకు పోయడానికి పెట్టినది గనుక, ‘నాన్ పొటాబిలే’ అన్న బోర్డు ఉంటే మాత్రం తాగకండి.

బసకు మొదటి రెండు రాత్రులు అల్బా, తర్వాత మూడు రాత్రులు మోన్‌ఫోర్తే లేదా దొల్యానీ అన్నది నా సలహా. తోరినో నుంచి బ్రా మీదుగా అల్బాకు ప్రాంతీయ రైలు నేరుగా ఉంది. సైకిలు గుర్తు ఉన్న పెట్టెలో సైకిలు ఎక్కించవచ్చు, దానికి వేరే టికెట్టు అవసరమా అన్నది కొనేటప్పుడే చూసుకోండి. సైకిళ్ళు అల్బాలోనే అద్దెకు తీసుకుంటే ఆ బాధ కూడా ఉండదు. కొండ మీది ఊళ్ళో దిగితే ప్రతి రోజూ చివరి మూడు కిలోమీటర్లు ఎక్కుడే ఉంటుందని మాత్రం ముందే మనసుకు చెప్పుకోండి. మీరు ఏ రోజు ఎక్కడ ఉంటారో ఖాయమయ్యాక తేదీలు రాస్తే, ఏ దారి ఏ రోజుకు సరిపోతుందో చూసి చెబుతాను.